మహర్నవమి నాడు కంప్యూటర్‌కి చేసిన సర్వీసింగ్

దేంతో కొడుతున్నారన్నదాన్ని బట్టి దెబ్బ చప్పుడు మారుతుంది. చెంపదెబ్బది పొడి చప్పుడు. నీళ్ళ పైపు ముక్కతో కొడితే ముందు గాలి కోసుకున్న శబ్దం, ఆ తరవాత ఒంటి మీద పడిన శబ్దం వస్తాయి. ఇనప రాడ్డుకి దాని సొంత చప్పుడంటూ ఉండదు. వినిపించేదంతా లోపలి ఎముకదే. ఈ మూడూ నేను ఒకే ఉదయం, ఒకే కిటికీ వెనక కూర్చుని విన్నాను. అప్పుడు నా చేతిలో మౌసు ఉంది.

రెండువేల దశకం చివరి సంవత్సరాలవి. విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయికి లారీలు తూచే కాటా ఉండేది. నేల మట్టానికి పరిచిన పెద్ద ఇనప పలక, దాని కింద నడుము లోతు గొయ్యి, గోతిలో నాలుగు మూలలా బరువును పసిగట్టే ఇనప దిమ్మలు. లారీ ఆ పలక మీదికెక్కి ఆగితే, గోతిలోంచి తీగ వెంట బరువు నా గదిలోకి వచ్చేది. చాలా కాటాల్లో ఆ బరువును ఎర్ర అంకెల్లో చూపించే పెట్టె ఉంటుంది. మాది సెకండ్‌హ్యాండ్ పెట్టె, అంకెలు చూపించే ముఖం లేదు. కంప్యూటరే దాని ముఖం. మానిటర్‌ని సగం నా వైపుకీ సగం కిటికీ వైపుకీ తిప్పి పెట్టాం, బయట నిలబడ్డవాళ్ళకి కూడా బరువు కనబడాలని.

పామర్రులో డిగ్రీ, ఆ తరవాత ఆర్నెల్ల కంప్యూటర్ కోర్సు పూర్తయ్యాక బాబాయి నన్ను తీసుకొచ్చి ఆ గదిలో కూర్చోబెట్టాడు. "ఎవరితోనూ మాట్లాడక్కర్లేదమ్మా. లారీ నంబర్ కొట్టు, స్లిప్పు ప్రింటు తియ్యి, కిటికీలోంచి ఇయ్యి. అంతే" అన్నాడు. ఆ మాట కోసమే ఒప్పుకున్నాను. కొత్తవాళ్ళు నా వైపు చూస్తే చాలు, చెప్పాల్సినది మరిచిపోయేదాన్ని. టేబుల్ సొరుగులో ఎప్పుడూ ఒక నవలా, ఒక డైరీ ఉండేవి. లారీకీ లారీకీ మధ్య నేను ఆ రెండింట్లో ఉండేదాన్ని.

పలక మీద లారీని చక్రాలన్నీ సరిగ్గా పడేట్టు నిలబెట్టించే పని ఒకాయనది. నలభై అయిదేళ్ళ మనిషి. బందరు దాటాక సముద్రం పక్కన పల్లె వాళ్ళది. వేట మానేసి, భార్యని తీసుకుని బెజవాడ వచ్చేశాడు. వేట మానినా వల మానలేదు. లారీలు లేనప్పుడు గోడ నీడన కూర్చుని, నైలాను దారం కాలి బొటనవేలికి తగిలించుకుని, కుడిచేత్తో వెదురు పుల్ల ఆడిస్తూ వల అల్లేవాడు. ముడి తరవాత ముడి, కళ్ళు దారం మీద లేకుండానే. ఊరివాళ్ళు వచ్చి ఆ వలలు పట్టుకెళ్ళేవారు.

లారీ పలకెక్కుతుంటే ఆయన టైర్లు ఎంత అణిగాయో చూసేవాడు. కంప్యూటర్ చెప్పేలోపే కిటికీ వైపు తిరిగి, "పన్నెండున్నర, అమ్మాయిగారూ!" అని టన్నుల్లో అరిచేవాడు. నేను తెర చూసి తలూపేదాన్ని, అవునని గానీ కాదని గానీ. నూటికి తొంభైసార్లు అవుననే ఊపాల్సి వచ్చేది. రెండేళ్ళలో మా మధ్య నడిచిన మాటలన్నీ దాదాపు అవే. ఆయన అరుపూ, నా తలా.

ఆటోనగర్‌లో గొడవ లేని రోజు నాకు గుర్తులేదు. ఒక పక్క సమ్మెటలు ఛాసిస్‌ల మీద పడుతుంటే, ఇంకో పక్క మనుషులు మనుషుల మీద పడేవారు. ముందు ఎవడు వచ్చాడని, ఎవడి బానెట్‌కి ఎవడు గీత పెట్టాడని. మా బాబాయి మామూలుగా మంచివాడే, నాకు జ్వరం వస్తే మందుల షాపుకి పరిగెత్తేవాడు. కానీ ఆయన చెయ్యి ఆయనకంటే ముందు నడిచేది. నేనున్న రెండేళ్ళలో రెండు ఫోన్లు, ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక కీబోర్డు ఆయన చేతిలో పోయాయి.

ఆ వీధిలో ఇంకో పద్ధతి ఉండేది. షాపు మీద మాట వస్తే ఓనరు ముందుగా తన మనిషినే కొట్టాలి, అదీ నలుగురి ముందు. మా ఎదురు షెడ్డులో లారీ బాడీకి వేసిన వెల్డింగు ఊడిందని ఒకడొచ్చి అరిస్తే, ఓనరు తన వెల్డర్ని రోడ్డు మీదికి లాక్కొచ్చి చెప్పుతో కొట్టాడు. సాయంత్రం ఇద్దరూ కలిసి టీ తాగారు. ఆ రోజు నేను అదోలా చూస్తుంటే బాబాయే చెప్పాడు. "మనోణ్ణి మనం కొట్టలేదనుకో, మనం కూడా కలిసే చేశామనుకుంటారమ్మా. కొడితే, ఓహో ఈయనకి తెలీదులే అని ఊరుకుంటారు." అన్నం ఎలా వార్చాలో చెప్పినంత మామూలుగా చెప్పాడు.

ఆ ఏడు దసరా వచ్చింది. ఆటోనగర్‌కి అసలు పండగ మహర్నవమి, ఆయుధ పూజ. పూజకి ముందు ప్రతి యంత్రానికీ సర్వీసింగ్ జరగాల్సిందే. ఆయిల్ మారుస్తారు, అరిగిన బెల్టు తీసి కొత్తది వేస్తారు, తుప్పు గీకి రంగు కొడతారు. పాత సామానుతో యంత్రాన్ని అమ్మవారి ముందు కూర్చోబెట్టకూడదని అక్కడి పట్టింపు. పొద్దున్నే కాటా మనిషి గోతిలోకి దిగి బురద ఎత్తిపోశాడు, తీగలన్నీ కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. మోకాళ్ళ దాకా నల్లగా పైకొచ్చి, "నా పనైపోయింది బాబుగారూ" అన్నాడు.

బాబాయి నా గదిలోకి తొంగిచూశాడు. "గొయ్యి అయింది. మరి నీ కంప్యూటర్‌కేం చేశావమ్మా?"

"తుడిచాను బాబాయ్."

"పైపైన తుడిస్తే సర్వీసింగ్ అవుద్దా? లోపల కూడా చూడు."

లోపల ఏం చూడాలో నాకు తెలుసనుకున్నాను. నేను కొనే కంప్యూటర్ పత్రికతో పాటు ఒక సీడీ వచ్చింది. అందులో డ్రైవర్లను కొత్తవి చేసే ప్రోగ్రాం ఒకటుంది. డ్రైవరంటే, కంప్యూటర్‌కీ దానికి తగిలించిన ప్రతి వస్తువుకీ మధ్య దుబాసీలా పనిచేసే చిన్న ప్రోగ్రాం. ప్రింటర్‌కొకటి, మౌసుకొకటి. గోతిలోంచి వచ్చే తీగకీ ఒకటి ఉంది. ఆ తీగ పాతకాలపుది, మా కంప్యూటర్ కొత్తది, దాని వెనక ఆ తీగ పట్టే సాకెట్ లేదు. అందుకని మధ్యలో ఒక నీలం రంగు కన్వర్టర్ వైరు తగిలించాం. కాటా మాటని కంప్యూటర్‌కి చేరవేసే దుబాసీ ఆ నీలం వైరుది.

సీడీ పెట్టి స్కాన్ నొక్కాను. తెర ఎర్రబడింది. ఇరవై మూడు డ్రైవర్లు పాతబడిపోయాయనీ, నా కంప్యూటర్ ప్రమాదంలో ఉందనీ చెప్పింది. భయం వెయ్యలేదు, సంతోషమేసింది. బయట అందరూ చేస్తున్న పని సరిగ్గా ఇదే కదా అనిపించింది. అరిగినవి తీసెయ్యడం, కొత్తవి వెయ్యడం. అన్నింటికీ టిక్కు పెట్టి అప్‌డేట్ ఆల్ నొక్కాను. బ్రాడ్‌బ్యాండ్ వచ్చి నాలుగు నెలలే అయింది. ఇరవై మూడూ దిగడానికి గంటన్నర పట్టింది. రీస్టార్ట్ చెయ్యమంటే చేశాను. పచ్చటి టిక్కు వచ్చింది. కంప్యూటర్ ఆపేశాను.

మానిటర్‌కి పసుపు రాసి బొట్టు పెడుతుంటే కాటా మనిషి కిటికీ దగ్గరికొచ్చాడు. "ఆ నీలం వైరుక్కూడా ఎట్టండి అమ్మాయిగారూ. మోసేదంతా అదేగా." నవ్వుతూ దానికీ బొట్టు పెట్టాను. ఒక్కసారి కాటా ఎక్కించి చూసుకుంటే సరిపోయేది. కానీ పూజకి కూర్చోబెట్టిన యంత్రాన్ని మళ్ళీ షాపు తెరిచేదాకా ముట్టుకోకూడదు. ఎవరూ ముట్టుకోలేదు.

దశమి మర్నాడు పొద్దున్న తొమ్మిదిన్నరకి షాపు తెరిచాం. బాబాయి కొబ్బరికాయ కొట్టాడు. మొదటి లారీ పాత ఇనుముది. తుక్కు వ్యాపారి స్వయంగా వచ్చాడు, ఆయన లారీ నడిపేవాడూ ఉన్నాడు. ఇద్దరూ లావుపాటి మనుషులు. కాటా మనిషి చెయ్యూపుతూ లారీని ఎక్కించి, ఆపించి, టైర్లు చూసి అరిచాడు.

"పదహారు నాలుగొందలు, అమ్మాయిగారూ!"

తెర మీద పదహారు వేల నాలుగువందల ఇరవై కిలోలని వచ్చింది. నేను తల ఊపబోయేలోపు అది ఆరు వేల నాలుగువందల ఇరవై అయింది. తరవాత పదహారువందల నలభై రెండు. మళ్ళీ పదహారు వేలు. మళ్ళీ ఆరువందల నలభై రెండు. ముందువో వెనకవో అంకెలు రాలిపోతూ, తిరిగొచ్చి అతుక్కుంటున్నాయి. నా తల మధ్యలోనే ఆగిపోయింది.

వ్యాపారి కిటికీ అద్దానికి మొహం ఆనించాడు. "ఏమండీ ఓనరుగారూ! ఏంటండీ ఇది? కాటానా, లాటరీ మిషనా?"

బాబాయి వచ్చి చూశాడు. "కిందకి దించి మళ్ళీ ఎక్కించండి" అన్నాడు. దించారు, ఎక్కించారు. అంకెలు ఇంకా వేగంగా గెంతాయి.

"మీరు కంగారు పడకండి బాబూ," కాటా మనిషి మంచిగానే కల్పించుకున్నాడు. "పదహారు నాలుగొందలు తప్పకుండా ఉంటది. టైర్లు సూడండి, తెలిసిపోద్ది."

వ్యాపారి ఆయన వైపు మెల్లగా తిరిగాడు. "మిషన్‌కే తెలీని బరువు నీకెట్టా తెలిసిందిరా?"

"నవమి రోజు ఈడు గోతిలో ఉన్నాడండి," లారీవాడు అందుకున్నాడు. "నేను ఎదర షెడ్డులో ఉండి చూశా. గంటసేపు లోపలే ఉన్నాడు. ఏం పెట్టొచ్చాడో ఏంటో!"

గోతిలో రిమోటు డబ్బా బిగించి బరువులు మార్చే కాటాల గురించి ఆటోనగర్‌లో అప్పట్లో అందరూ చెప్పుకునేవారు. ఆ మాట పడగానే పక్క షెడ్లలోంచి మనుషులు రావడం మొదలైంది. పది మంది. ఇరవై మంది. బాబాయి వాళ్ళ మొహాలు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. చెంపదెబ్బ పడింది.

"ఏం పెట్టావురా గోతిలో?"

"అయ్యో, ఏం ఎట్టలేదు బాబుగారూ. బురద తీసి తుడిసానంతే. మీరే సెప్పారుగా."

రెండోది పడింది. "నేను చెప్పానా? నేను చెప్పానంట్రా?"

కుళాయి దగ్గర బండ్లు కడిగే పైపు ముక్క వేలాడుతుండేది. బాబాయి చెయ్యి దాని మీదికి వెళ్ళింది.

నేను కంప్యూటర్ వైపు తిరిగాను. కోర్సులో నేర్పిన వరసలోనే మొదలుపెట్టాను. కాటా ప్రోగ్రాం మూసి మళ్ళీ తెరిచాను. గెంతుతున్నాయి. నీలం వైరు పీకి మళ్ళీ పెట్టాను, దాని మీద బొట్టు ఇంకా ఉంది. గెంతుతున్నాయి. వైరుని పక్క సాకెట్‌కి మార్చాను. బయట గాలి కోసుకున్న శబ్దం, తరవాత ఒంటి మీద పడిన శబ్దం. "ఓరి నాయనో" అని ఆయన అన్నాడు, అరవకుండా, పక్కనున్న మనిషితో చెప్పినట్టు. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టాను. విండోస్ గుర్తు వచ్చి, దాని కింద చిన్న పట్టీ అటూ ఇటూ పాకుతోంది. ఆ పట్టీ పాకినంతసేపూ దెబ్బలు లెక్కపెట్టాను. ఎన్నో రాయను.

తెర వెలిగింది. కింద కుడి మూల ఒక చిన్న బుడగ లేచింది. పచ్చటి టిక్కు. మీ డ్రైవర్లన్నీ కొత్తగా ఉన్నాయి, మీ కంప్యూటర్ ఆరోగ్యంగా ఉంది.

అప్పుడు తెలిసింది. నవమి నాడు గోతిలోకి దిగింది ఆయనొక్కడే కాదు, నేను కూడా లోపలికెళ్ళాను. ఆయన తుడిచి వచ్చాడు. నేను నీలం వైరు దుబాసీని మార్చేసి వచ్చాను. కొత్త దుబాసీకి ఆ పాత పెట్టె మాట సరిగ్గా అందడం లేదు, మధ్యలో అక్షరాలు జారిపోతున్నాయి.

కిటికీ తలుపు తెరిచి ఒక్క మాట అనాలి. "బాబాయ్, నేను చేశాను." ఆయనకీ నాకూ మధ్య నాలుగే అడుగులు. కిటికీ అవతల ముప్పై మంది మగవాళ్ళు, బాబాయి చేతిలో పైపు. నోరు తెరిచాను. మూసేసి మళ్ళీ తెర వైపు తిరిగాను. అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. అది తెలివైనదనే అనుకున్నాను. నోటితో చెప్పడం దేనికి, చేత్తో సరిచేస్తే సరిపోతుంది కదా? అంకెలు నిలబడితే గొడవ దానంతటదే ఆగిపోతుంది. ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు.

మై కంప్యూటర్. ప్రాపర్టీస్. డివైస్ మేనేజర్. పోర్టుల జాబితాలో నీలం వైరు. దాన్ని తెరిస్తే డ్రైవర్ అన్న పేజీలో తేదీ కొత్తగా మెరుస్తోంది. దాని కింద రోల్ బ్యాక్ అన్న మీట, పాత డ్రైవర్‌ని వెనక్కి తెచ్చేది. బయట వ్యాపారి గొంతు, "పలక మీంచి ఈడ్చెయ్యండి ఆణ్ణి! దాని దగ్గరుంచితే ఏదోటి నొక్కుతాడు!" నేను రోల్ బ్యాక్ నొక్కాను. నిజంగానేనా అని అడిగింది. అవునన్నాను. ఫైళ్ళ పేర్లు గబగబా పరిగెత్తాయి. కాటా ప్రోగ్రాం తెరిచాను.

పదహారు వేల నాలుగువందల ఇరవై.

నిలబడింది. రెప్ప వెయ్యలేదు. నేను ఊపిరి వదిలి కిటికీ వైపు చూశాను.

సరిగ్గా అదే క్షణంలో బాబాయి, లారీవాడు కలిసి ఆయన్ని చొక్కా పట్టుకుని పలక మీంచి కిందికి ఈడ్చారు. అద్దంలోంచి తెర చూస్తున్న వ్యాపారి రెండు చేతులూ పైకెత్తాడు.

"చూశారా! చూశారా అందరూ! ఈణ్ణి పక్కకి లాగంగానే నిలబడింది! ఇంకేం కావాలండీ సాక్ష్యం?"

గుంపులోంచి ఒక శబ్దం వచ్చింది. మాట కాదు, ఊపిరి. ఆయన పలక పక్కనున్న ఇనప కడ్డీని కుడిచేత్తో పట్టుకుని లేవబోతున్నాడు. లారీవాడు జాకీ రాడ్డు తీశాడు. "ఈ చెయ్యేగా పెట్టింది?" అని అడిగాడు. నిజంగా అడిగినట్టే అడిగాడు. కడ్డీ మీదున్న చేతి మీద కొట్టాడు.

పచ్చి కొమ్మని మోకాలి మీద పెట్టి విరిచినప్పుడు వస్తుంది చూడండి, ఆ శబ్దం. ఆయన చేతిని పొట్టలో దాచుకుని, నుదురు నేలకానించాడు.

నేను ఎలా బయటికొచ్చానో డైరీలో లేదు, నాకూ గుర్తులేదు. కుర్చీ పడిపోయిన చప్పుడు మాత్రం గుర్తుంది. పలక మీద నిలబడి ఉన్నాను, ఎండ మొహంలోకి కొడుతోంది.

"నేను చేశాను."

ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అన్నాను. మూడోసారి అన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా, కీచుగా వచ్చింది. "నేనే చేశాను బాబాయ్! నవమి రోజు కంప్యూటర్‌లో డ్రైవర్లు మార్చాను. ఇప్పుడు పాతది పెట్టాను. అందుకే నిలబడింది. ఆయన కాదు!"

"లోపలికి పో," అన్నాడు బాబాయి.

"ఆడపిల్ల కదండీ, జాలిపడుతోంది," అన్నాడు వ్యాపారి, నన్ను కాదు, గుంపుని చూసి.

"జాలి కాదండీ." చేతులు ఓణీ కొంగులో దాచుకున్నాను. "లారీ అక్కడే ఉంచండి. ఎవరూ పలకని ముట్టుకోకండి. ఆయన్ని అక్కడే ఉండనీయండి. నేను మళ్ళీ చెడగొడతాను. తెర చూడండి."

గదిలోకి వెళ్ళాను. పత్రిక సీడీ వేసిన ప్రోగ్రాం అప్పటికే ఎర్రగా అయి, ఒక డ్రైవర్ పాతబడిందని హెచ్చరిస్తోంది. దాన్ని అప్‌డేట్ చెయ్యమన్నాను. ముందే దిగి ఉన్న ఫైలు కాబట్టి నిమిషం పట్టలేదు. కాటా ప్రోగ్రాం తెరిచాను.

పదహారు వేలు. ఆరు వేలు. పదహారువందలు. ఆరు వందలు.

అద్దానికి ఆనుకుని ముప్పై మొహాలు. లారీవాడు చేతిలో రాడ్డును, అది ఎవరిదో అయినట్టు చూసుకుని, చక్రం పక్కన మెల్లగా కింద పెట్టాడు.

బాబాయి గదిలోకి వచ్చి నా చెంప మీద కొట్టాడు. చెవిలో హోరు. పైపు పైకెత్తి కంప్యూటర్‌ని కొట్టబోతే, కిటికీ తలుపు తోసుకుని వ్యాపారి చెయ్యి లోపలికొచ్చి ఆపింది. "ఆగండి ఓనరుగారూ, ఆగండి! ముందు నా బరువు తేల్చండి, తరవాత మీ ఇష్టం."

మళ్ళీ రోల్ బ్యాక్ నొక్కాను. నిజంగానేనా అంది. అవునన్నాను. స్లిప్పు ప్రింటు తీసి కిటికీలోంచి ఇచ్చాను. పదహారు వేల నాలుగువందల ఇరవై. ఆయన టైర్లు చూసి చెప్పినదానికి ఇరవై కిలోలే తేడా.

ఆయన్ని ఎవరో ఆటోలో ఎక్కించారు. ఎక్కేముందు కిటికీ వైపు చూశాడు. అలవాటుగా నా తల కదిలింది, అవునన్నట్టు. ఆయన తల తిప్పేసుకున్నాడు.

మధ్యాహ్నం ఆ ప్రోగ్రాంని కంప్యూటర్‌లోంచి తీసేశాను. వెళ్ళిపోతూ అది ఒక ఫారం తెరిచింది. మమ్మల్ని ఎందుకు తీసేస్తున్నారో చెప్పండి అని నాలుగు కారణాలిచ్చి టిక్కు పెట్టమంది. నెమ్మదిగా ఉంది, ఇంకోటి కొన్నాం, అలాంటివి. చివర ఇతర కారణాలకి ఖాళీ పెట్టె. అందులో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టాను. "దీనివల్ల ఒక మనిషి చెయ్యి విరిగింది." చదువుకున్నాను. దీనివల్ల అన్నది చెరిపేసి, నావల్ల అని కొట్టాను. పంపించాను. థాంక్యూ అని వచ్చింది.

ఆ రోజు డైరీ పేజీ ఇప్పుడు నా ముందుంది. ఏ నిమిషానికి ఏం చేశానో వరసగా రాసుకున్నాను, మళ్ళీ ఎప్పుడైనా పనికొస్తుందని. వైరు మార్చినది, రీస్టార్ట్ చేసినది, రోల్ బ్యాక్ చేసినది. పచ్చ టిక్కు చూసిన నిమిషానికీ పలక మీదికి వెళ్ళిన నిమిషానికీ మధ్య పదకొండు నిమిషాలున్నాయి. మనిషి గురించి ఆ పేజీలో ఒక్క ముక్క లేదు.

వారం తరవాత ఆయన భార్య వచ్చింది, గోడ పక్కన వదిలేసిన చెప్పులూ, సగం అల్లిన వలా తీసుకెళ్ళడానికి. బాబాయి కుర్చీ వెయ్యమన్నాడు. ఆమె కూర్చోలేదు. "రమ్మను, పనికి రమ్మను. కూర్చుని చేసే పనేదైనా చూద్దాం," అన్నాడు బాబాయి, నేల చూస్తూ.

"రాడండి. ఊరెళ్ళిపోతన్నాం." వల మడత పెట్టుకుంటూ నా కిటికీ దగ్గర ఆగింది. "కట్టు కట్టారండీ. సేతి ఏళ్ళు రెండు వంగవంట. పుల్ల పట్టుకోలేడు." ఆ తరవాత నా మొహం చూసి, కోపం లేకుండా, "మీరే సెప్పారంట కదండీ, సివరికి," అంది.

చివరికి. ఈసారి తల ఊపలేదు. "ముందే తెలుసండీ నాకు. తెలిసి కూడా చెప్పలేదు," అన్నాను. వినపడేట్టే అన్నాను.

ఆమె చెప్పులు వల మడతలో దోపుకుంది. "ఆయనకీ తెలుసండి ఆ సంగతి," అంది. "కిటికీలోంచి మీ మొగం సూశాడంట." వల చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

బయట ఒక లారీ హారన్ కొట్టింది. పలక దగ్గర నిలబడే మనిషి లేడు. బాబాయి లేవబోతే, నేను వెళ్తానని చెప్పి బయటికి నడిచాను. క్యాబిన్‌లోంచి డ్రైవరు నన్ను కింద నుంచి పైకి చూసి నవ్వాడు. "రండి," అని అరిచాను. "ఇంకా రండి. ఎడమకి. ఎడమకండీ! ఆపండి."

ఆగింది. టైర్ల పక్కన కూర్చుని, అవి ఎంత అణిగాయో చూశాను. పది వేలు అనుకున్నాను. గదిలోకి వెళ్ళి చూస్తే పద్నాలుగు.